మబ్బు పట్టిన గిటారు

"ముందు తుడుచుకోండి," అంది బల్ల వెనక కూర్చున్న అమ్మాయి, తలెత్తకుండానే.

"నన్నా, గిటారునా?"

"ఇద్దర్నీ. ఇది కరెంటుతో పని చేసే బల్ల. నీళ్ళోడుతూ వచ్చి ఆనుకున్నారంటే గిటారు కంటే ముందు మీరు మోగుతారు."

బయట కుండపోతగా వాన. ఆ వానలో లోకమంతా గొడుగు తన నెత్తిన పట్టుకుంటే, ఇతను గిటారు పెట్టె నెత్తిన పట్టి నడిచొచ్చాడు. పెట్టె మీద నాలుగు చినుకులు పడ్డాయి, మనిషిని పిండితే మాత్రం బకెట్టు నిండేలా ఉన్నాడు. జేబులోంచి రుమాలు తీసి ముందు పెట్టెను తుడిచాడు. ఆ తర్వాత అదే రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. పెట్టె మీది మసి బుగ్గకు అంటింది.

అమ్మాయి అప్పుడు తలెత్తింది. నవ్వాపుకోవడానికి చేతిలోని, తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ మీద ఉఫ్‌మని ఊదింది.

"ఏంటి కంప్లయింటు?"

"మబ్బుగా మోగుతోందండీ."

"ఎవరన్నారు?"

"మా మాస్టారు. ఆయన చెవి మామూలు చెవి కాదు లెండి. అయినా ఇది ఆయన బల్ల కదా, మీరు కూర్చున్నారేంటి? చూశారంటే ఊరుకోరు. ఆయనకు కోపమొస్తే ఆ మీసం ఉందే, సోల్డరు మసి దులిపే బ్రష్షులా లేచి నిలబడుతుంది."

"ఓహో. బ్రష్షులానా?"

"అచ్చం బ్రష్షే."

"నాన్నా!" అని పక్క గదిలోకి కేకేసింది అమ్మాయి. "మీకోసం ఎవరో వచ్చారు. మీ మీసం గురించి మాట్లాడాలట!"

అతని మొహంలో మసి ఒక్కటే మిగిలింది, రంగంతా పోయింది. పారిపోదామంటే గిటారు బల్ల మీదుంది.

పక్క గది తలుపు తీసే ఉంది. మాస్టారు అక్కడే కుర్చీలో కూర్చుని తీగలు చుట్టుకుంటున్నారు. తల తిప్పలేదు. పనిలో పడితే ఆయనకు పిడుగు పడినా తెలియదన్నది ఊరంతా మెచ్చుకునే మాటే.

"బతికిపోయారు," అంది అమ్మాయి. కానీ ఆమె నవ్వు ఎందుకో సగంలో ఆగిపోయింది. మళ్ళీ కేకెయ్యలేదు.

ఇదీ మన వాళ్ళిద్దరి తొలి పరిచయం. వాన ఉంది, తడిసిన కుర్రాడున్నాడు, కొంటె పిల్ల ఉంది. ఇంక ప్రేమ పుట్టడానికి ఏం తక్కువ అని మీరనుకోవచ్చు. ఒక కెపాసిటర్ తక్కువ. అక్కడికే వస్తున్నాను.

మాస్టారంటే ఆ వాయిద్యాల దుకాణానికి యజమాని, దుకాణం వెనక హాల్లో ప్రాక్టీసు చేసే బ్యాండుకు పెద్ద దిక్కు. విందులకు, వార్షికోత్సవాలకు, కొత్త షాపుల ప్రారంభాలకు ఆ బ్యాండు వాయించాల్సిందే. ఆయన చెవి అంటే జనం చెవి కోసుకుంటారు. హాల్లో అంతమంది వాయిస్తుంటే మూలనున్న ఒక్క తీగ శ్రుతి జారినా, "నువ్వే, రెండో తీగ" అని వేలెత్తి చూపిస్తారు. "నా చెవి బంగారం తూచే త్రాసురా," అన్నది ఆయన రోజుకోసారైనా అనే మాట. ఎదురు చెప్పినవాడు బ్యాండులో లేడు. అంటే, చెప్పాక లేడు.

ఆ మాస్టారే మన గిటారు కుర్రాడికి మొదటి తీగ మీద వేలు పెట్టడం నేర్పారు. ఈమధ్య ఆయనే ఒక పేరు కూడా పెట్టారు. "నీ గిటారుకు మబ్బు పట్టిందిరా. మెరుపు లేదు. దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది," అన్నారు ఓ రోజు. మర్నాటి నుంచి బ్యాండులో అందరూ అతన్ని మబ్బు అనే పిలవసాగారు. పెట్టిన పేరు కంటే అంటిన పేరే గట్టిది. కొన్నాళ్ళకు వాళ్ళక్క కూడా మబ్బూ అని పిలిస్తే పలికాడు.

ఇక ఆ అమ్మాయి. ఎలక్ట్రానిక్స్ చదివి వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తుంటే, "నాన్నకు తోడు కావాలి, వచ్చెయ్" అని తల్లి ఆ వారమే ఫోన్ చేసి రప్పించింది. ఏం తోడో ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు ఊరికే భగ్గుమనేదని వాళ్ళ బాబాయ్, అంటే బ్యాండులో డ్రమ్ములు వాయించే ఆయన, ఫ్యూజు అని పేరు పెట్టాడు. ఇప్పుడు పొద్దున రిపేర్లు చూస్తుంది, సాయంత్రం హాలు చివర మిక్సర్ ముందు కూర్చుని ఎవరి శబ్దం ఎంత ఉండాలో మీటలు తిప్పుతుంది.

ఆ వాన రోజునే ఫ్యూజు గిటారు వెనక మూత విప్పింది.

"ఇదిగో, మీ వాల్యూమ్ పాట్, అంటే వాల్యూమ్ మీట కింద ఉండే భాగం. దీని విలువ తక్కువ. అందుకని సన్న స్వరాలన్నీ ఇక్కడే జారిపోతున్నాయి. రెట్టింపు విలువది వేస్తే జారడం తగ్గుతుంది, శబ్దం తేటపడుతుంది."

"తేటపడితే చాలదండీ. మెరవాలి. ఇంటర్నెట్‌లో ఒకాయన చెప్పాడు, పాతకాలపు నూనె కెపాసిటర్ వేస్తే శబ్దంలో సూర్యోదయం కనిపిస్తుందట."

"కనిపిస్తుందా, వినిపిస్తుందా?"

"ఆయనకు కనిపించిందట."

ఫ్యూజు డ్రాయరు లాగి, టోన్ మీటకు తగిలించే కెపాసిటర్లు రెండు తీసింది. "ఇది మామూలుది. ఇది మీ సూర్యోదయం. అటు తిరగండి. ఒకటి తగిలించి వాయిస్తాను, తర్వాత రెండోది. ఏది ఏదో చెప్పండి."

మబ్బు అటు తిరిగి కళ్ళు మూసుకుని, ఋషిలా తల ఊపుతూ విన్నాడు. "మొదటిది పొడిగా ఉంది. రెండోది... ఆహా! తేనె. అదీ నూనెది!"

"రెండుసార్లూ మామూలుదే తగిలించాను."

మబ్బు చాలాసేపు గోడ వైపే తిరిగి నిలబడ్డాడు. ఆ గోడ మీద చూడదగ్గదేమీ లేదు.

"మామూలుదే వేసెయ్యండి," అన్నాడు చివరికి.

పాట్ మార్చారు. సాయంత్రం హాల్లో వాయించాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. "మబ్బే."

మర్నాడు మళ్ళీ దుకాణం. వాల్యూమ్ తగ్గించినప్పుడు మెరుపు కూడా పోతోందేమో అన్నాడు. ఫ్యూజు వాల్యూమ్ పాట్ రెండు కాళ్ళ మధ్య ఒక చిన్న కెపాసిటర్ అతికించింది. "ఇది దొడ్డిదారి. వాల్యూమ్ ఎంత తగ్గించినా సన్న స్వరాలు ఇటునుంచి జారుకుని బయటపడతాయి. మీరు ఆపుదామన్నా ఆగవు."

సాయంత్రం మాస్టారు, "మబ్బే."

ఆ తర్వాత తీగల కింద ఉండి శబ్దాన్ని పట్టే పికప్‌లోని జంట చుట్లలో ఒకదాన్ని స్విచ్చి పెట్టి ఆపేశారు. "జంటగా ఉంటే నిండుగా ఉంటుంది, ఒంటరిగా ఉంటే సన్నగా కీచుమంటుంది," అని వివరించింది ఫ్యూజు. "మనుషుల్లోలాగే," అన్నాడు మబ్బు, ఎటో చూస్తూ. ఆమె సోల్డరు ఒక బొట్టు ఎక్కువ వేసింది.

"మబ్బే," అన్నారు మాస్టారు.

ఈ విధంగా గిటారు వెలుతురు వైపు, మన కుర్రాడు బల్ల వైపు ప్రయాణం చేస్తూ పోయారు. మీరు పోయి నువ్వు వచ్చింది. పైకి మాత్రం ఇద్దరూ పిల్లీ ఎలుకా. మాస్టారి ముందు గట్టిగా పోట్లాడుకునేవాళ్ళు. "తీగలు మార్చడం కూడా రాదు, గిటారిస్టట!" "సోల్డరు వాసన తప్ప సంగీతం తెలియదు!" అవి వినపడి మాస్టారు కోప్పడేవారు. అరుపులు అయ్యాక ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి, విప్పిన గిటారు మీదకు వంగి చెవులు కొరుక్కునేవాళ్ళు.

"ఇవాళ ఆ నీలం చొక్కా బాగుంది," అని ఆమె గుసగుస.

"మీ నాన్నగారు అక్కడే ఉన్నారు."

"పనిలో ఉన్నారులే."

"ఆ బ్రష్షు లేస్తే?"

"లేస్తే దువ్వుతాలే."

మూడడుగుల దూరంలో మాస్టారు తీగలు చుట్టుకుంటూనే ఉండేవారు. అబ్బ, ఏం ఏకాగ్రత అని మబ్బు మనసులోనే దణ్ణం పెట్టుకునేవాడు.

ఆ ఇంట్లో అందరి గొంతులూ కాస్త పెద్దవే. మాస్టారి భార్య వంటింట్లోంచి పిలిచిందంటే పక్కింటివాళ్ళు పలుకుతారు. అయినా మాస్టారు విసుక్కుంటారు, "ఈమధ్య ఆడా మగా అందరూ నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడుతున్నారు. మాట తేటగా చెప్పేవాడే లేడు," అని. ఒకసారి పొయ్యి మీద కెటిల్ ఈలేసి ఈలేసి అడుగంటింది. పక్కనే కూర్చున్న మాస్టారు పేపరు చదువుతూ ఉండిపోయారు. దాన్ని కూడా మబ్బు ఏకాగ్రత పద్దులోనే రాసుకున్నాడు.

చివరికి ఓ రోజు టోన్ మీటకు వెళ్ళే తీగనే కత్తిరించేశారు. ఇక మెరుపును తగ్గించే మార్గమే లేకుండా పోయింది. మీటను మాత్రం అందానికి ఉంచారు. తిప్పితే తిరుగుతుంది, ఏమీ మారదు.

"దీన్ని ఎందుకు ఉంచడం?" అన్నాడు మబ్బు.

"ఇంట్లో పెద్దల్లా. ఉన్నారన్న గౌరవం ఉండాలి కదా," అంది ఫ్యూజు. అని, పక్క గదిలోకి చూసి, నాలిక కరుచుకుంది.

ఇంటికెళ్ళి వాయిస్తే అక్క పరిగెత్తుకొచ్చింది. "ఏంట్రా, మూకుడు గీకుతున్నావా?" అక్కకు సంగీతం తెలియదని సరిపెట్టుకున్నాడు. సాయంత్రం హాల్లో ప్రాణం పెట్టి వాయించాడు. దూరంగా మిక్సర్ మీద ఫ్యూజు చెయ్యి కదులుతుంటే, తన వాయింపుకు మురిసి తాళం వేస్తోందనుకుని ఇంకా రెచ్చిపోయాడు.

మాస్టారు చెయ్యెత్తి బ్యాండును ఆపించారు. "ఒరేయ్ మబ్బూ. నేను నీకు చెప్పీ చెప్పీ అలిసిపోయాను. సంగీత సంఘం వార్షికోత్సవం వస్తోంది. నిన్న ఒక కీబోర్డు కుర్రాడు వచ్చాడు. ఒక బటన్ నొక్కితే గిటారట, ఇంకోటి నొక్కితే వేణువట."

"ఇంకోటి నొక్కితే కుక్క మొరుగుతుంది అన్నయ్యా, నేను విన్నాను," అన్నాడు డ్రమ్ముల బాబాయ్.

"నువ్వూరుకో. శనివారం పరీక్ష పెడతాను. ఆ రోజుకు నీ గిటారుకు తెల్లవారిందా సరే. లేదా నీ చోట ఆ కుర్రాడు నిలబడతాడు."

"గిటారు మోగుతూనే ఉంది కదా అన్నయ్యా, ఎంత వాయించినా చెవిటివాడి ముందు శంఖ..." అని బాబాయ్ టక్కున ఆగి, డ్రమ్ము తోలు మీద లేని దుమ్ము తుడవడం మొదలెట్టాడు. హాల్లో అందరూ ఎవరి వాయిద్యం వైపు వాళ్ళు చూసుకున్నారు.

బ్యాండు పోతే గిటారు పోదు, వేరేచోట వాయించుకోవచ్చు. కానీ మాస్టారి నోటితో బాగుందనిపించుకోకుండా పోవడం, రోజూ ఆ బల్ల దగ్గరికి వెళ్ళే దారి మూసుకుపోవడం, ఈ రెండూ అతను తట్టుకోలేడు. ఏది ముందు పోతే ఎక్కువ ఏడుస్తాడో అతనికే తెలియదు.

మర్నాడు ప్రాక్టీసుకు అందరికంటే ముందే వచ్చాడు. కేబుల్ కోసం మిక్సర్ దగ్గరికి వెళ్ళి, ఊరికే ఓసారి దానివైపు చూశాడు. వరసగా మీటలు. ఒక్కో వాయిద్యానికి ఒక్కో వరస. అతని గిటారు వరసలో, సన్న స్వరాలను పెంచి తగ్గించే ట్రెబుల్ మీట పూర్తిగా కిందికి తిప్పేసి ఉంది. మళ్ళీ ఎవరూ కదపకుండా దానిమీద టేపు కూడా అంటించి ఉంది.

వాన మళ్ళీ మొదలైంది. ఫ్యూజు గొడుగు ముడుస్తూ వచ్చేసరికి మబ్బు దుకాణం షట్టరు కింద నిలబడి ఉన్నాడు. మొహం నిజంగానే మబ్బు పట్టి ఉంది.

"పొద్దున మెరుపు అతికిస్తావు. సాయంత్రం కత్తిరిస్తావు. నాతో ఆటలాడుకున్నావా?"

ఆమెకు అర్థమైంది. బుకాయించలేదు. "కత్తిరించకపోతే హాల్లో జనం ఉండరు. నీ గిటారు ఇప్పుడు గాజు పలక మీద మేకు గీసినట్టుంది."

"మరి పొద్దున ఎందుకు అతికించావు?"

"నువ్వడిగావు కాబట్టి."

"నేనడిగింది మీ నాన్నగారు అడిగారు కాబట్టి! నీ చేత్తో నువ్వే నా చోటు పోగొడుతున్నావు. ఆ పాట్ మార్చక ముందు నా గిటారు ఎలా ఉండేది? నిజం చెప్పు."

"బాగుండేది," అంది ఫ్యూజు. "మొదటి రోజు మూత విప్పకముందే వాయించి చూశాను కదా. చాలా బాగుంది. ఏమీ మార్చక్కర్లేదు."

"మరి మాస్టారికి..."

"నాన్నకు వినపడదు."

వాన చప్పుడులో ఆ మాట చిన్నదైపోయింది. అయినా మబ్బుకు వినిపించింది.

"శ్రుతి తెలుస్తుంది, తాళం తెలుస్తుంది, లావు స్వరాలన్నీ తెలుస్తాయి. సన్నవే వినపడవు. కెటిల్ ఈల, ఫోన్ మోత, పిట్ట కూత. ఏళ్ళ తరబడి స్పీకర్ల పక్కన నిలబడ్డారుగా, మెల్లమెల్లగా పోయాయి. అమ్మ నన్ను పిలిపించింది అందుకే. రిపేరు చేసి ఇచ్చినవాటిల్లో సుయ్‌మని సొద వస్తోందని జనం తిరిగి తెస్తుంటే, ఆయనకు ఆ సొదే వినపడదు. బాబాయ్‌కి తెలుసు, అందరికీ తెలుసు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి?"

"కట్టినా ఆ గంట ఆయనకు వినపడదు," అన్నాడు మబ్బు. అని వెంటనే, "అయ్యో, తప్పు," అన్నాడు.

ఫ్యూజుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపే గెలిచింది. మబ్బు రుమాలు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మసి లేని మూల వెతుక్కుని కళ్ళు తుడుచుకుంది.

"నాన్నకు ఆ చెవి తప్ప వేరే గర్వం లేదు. రేపు నేనే చెప్పేస్తాను. నీ చోటు పోకూడదు."

"వద్దు. చెప్పొద్దు."

"పిచ్చా? ఆ కుక్క మొరిగే కీబోర్డు వస్తుంది."

"రానీ. నాకు మొదటి తీగ మీద వేలు పెట్టించింది ఆయన. మీ చెవులు పోయాయి మాస్టారూ అని ఆయన్ను అందరి ముందు నిలబెట్టి, ఆ చోట్లో నేను నిలబడలేను. నా గిటారు మబ్బుగానే ఉందని ఒప్పుకుంటాను. అంతే."

షట్టరు మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"మరి బ్యాండులో లేకపోతే ఇక్కడికి ఏ వంక పెట్టుకుని వస్తావు?"

"వైరింగుకు వస్తాను."

"ఇంకేం వైరింగు? లోపల కత్తిరించడానికి తీగ మిగల్లేదు. కర్ర ఒక్కటే ఉంది."

"అయితే వంక లేకుండానే వస్తాను," అన్నాడు మబ్బు. "నీ కోసమని వస్తాను. నాకు నువ్వంటే ఇష్టం. ఆ రెండుసార్లూ మామూలు కెపాసిటరే తగిలించానని చెప్పావే, ఆ రోజు నుంచే."

"అవమానం జరిగితే గానీ ప్రేమ పుట్టదా నీకు?" అంది ఫ్యూజు. మసి రుమాలు తిరిగివ్వలేదు. "నాకు అంతకుముందే. పెట్టెను ముందు తుడిచి, ఆ తర్వాత మొహం తుడుచుకున్నావు చూడు, అప్పుడు."

శనివారం వచ్చింది. హాల్లో బ్యాండంతా చేరింది. కీబోర్డు కుర్రాడు ఒళ్ళో కీబోర్డు పెట్టుకుని బటన్ల మీద వేళ్ళు సిద్ధంగా ఉంచుకున్నాడు. తలుపు దగ్గర మాస్టారి భార్య అందరికీ టీ ట్రేలో పట్టుకొచ్చి నిలబడింది.

మాస్టారు మిక్సర్ వైపు చూసి, "అమ్మాయ్, నువ్వు లే అక్కణ్ణించి," అన్నారు. "మీ ఇద్దరికీ పడదని నాకు తెలుసు. రోజూ కుక్కల్లా కొట్లాడుకుంటున్నారు. కోపంతో వాడి శబ్దం నొక్కేస్తున్నావేమోనని అనుమానం. ఇవాళ మిక్సర్ లేదు. గిటారు నేరుగా ఆంప్లిఫయర్‌లోకే. వాల్యూమ్ నిండుగా పెట్టండి."

"నాన్నా, వద్దు!"

"మాస్టారూ, వద్దండీ!"

ఇద్దరూ ఒకేసారి అనేసరికి మాస్టారి మీసం లేచింది. "చూశారా? మొదటిసారి ఇద్దరూ ఒక మాట మీదున్నారు. అంటే ఏదో ఉంది. వాయించు!"

మబ్బు కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు. మెరుపు తగ్గిద్దామని టోన్ మీట తిప్పాడు. అది గౌరవంగా తిరిగింది, ఏమీ తగ్గలేదు. వాల్యూమ్ తగ్గించాడు. శబ్దం తగ్గినా సన్న స్వరాలు దొడ్డిదారిన జారుకుని ముందుకొచ్చి నిలబడ్డాయి. జంట చుట్టును కలుపుదామని స్విచ్చి వెతికేలోపు మాస్టారు వచ్చి వాల్యూమ్ మళ్ళీ చివరిదాకా తిప్పేశారు. ఇక గత్యంతరం లేక తీగ మీటాడు.

ఆ శబ్దాన్ని ఎలా చెప్పను? ఊళ్ళో ఉన్న కత్తులన్నిటినీ ఒకే సానరాయి మీద పెట్టినట్టుంది. ట్రేలో టీ గ్లాసులు గలగలలాడాయి. వీధిలో ఎక్కడో కుక్క ఏడుపందుకుంది, ఈసారి కీబోర్డులోంచి కాదు. బాబాయ్ రెండు డ్రమ్ము పుల్లలూ వదిలేసి చెవులు మూసుకున్నాడు. కీబోర్డు కుర్రాడు కీబోర్డుతో సహా కుర్చీ వెనక దాక్కున్నాడు. హాల్లో ఒక్క చెవీ ఖాళీగా లేదు, అన్నిట్లోనూ వేళ్ళున్నాయి.

మాస్టారు ఆంప్లిఫయర్ పక్కనే కళ్ళు మూసుకుని నిలబడ్డారు. మొహంలో చిరునవ్వు మెల్లగా విచ్చుకుంది.

"ఆ! ఇదిరా! ఇదీ మెరుపు! ఇన్నాళ్ళకు తెల్లవారింది!" అని చేతులు చాచి, కళ్ళు తెరిచారు.

అందరి చేతులూ క్షణంలో కిందికి దిగాయి. బాబాయ్ జుట్టు సర్దుకున్నాడు. ఒకడు చెవి వెనక గోక్కున్నాడు. ఇంకొకడు లేని కమ్మలు తడుముకున్నాడు. ఒక్క మాస్టారి భార్య మాత్రం దొరికిపోయింది. ట్రే కింద పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని నిలబడిందావిడ. వాయింపు ఆగిందని కూడా తెలియలేదు.

"ఏమండీ! ఆపమనండి ఆ పిల్లాణ్ణి! చెవుల్లోంచి నెత్తురొచ్చేలా ఉంది!"

ఆ కేక నిశ్శబ్దంలో పడింది. ఆవిడ కళ్ళు తెరిచింది. అప్పటికే మాస్టారు ఆవిడ వేళ్ళ వైపు చూస్తున్నారు. తర్వాత తమ్ముడి వైపు చూశారు. ఒక్కొక్కరి చేతుల వైపూ చూసుకుంటూ వచ్చారు.

మబ్బు గిటారు పట్టుకుని ముందుకు ఉరికాడు. "తప్పు నాదే మాస్టారూ. నేనే సరిగ్గా వాయించలేదు. గిటారు పాడైంది. కీబోర్డే పెట్టించండి."

"నోర్ముయ్," అన్నారు మాస్టారు మెల్లగా. ఆ మనిషి మెల్లగా మాట్లాడటం అంతకుముందు వాళ్ళెవరూ ఎప్పుడూ వినలేదు. "అమ్మాయ్. ఎప్పట్నుంచి?"

ఫ్యూజు తండ్రి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "నేను ఉద్యోగం మానేసి వచ్చింది అందుకే నాన్నా."

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మీసం కిందికి వాలిపోయింది. "నన్ను చూసి అంత భయమా మీకు?" అన్నారు. భయమే కదా మరి, ఏం చెబుతారు?

"ఒరేయ్, ఇలా రా." మబ్బు దగ్గరికి వచ్చాడు. "అసలు మబ్బు పట్టింది నీ గిటారుకు కాదన్నమాట. నీకు తెలుసా?"

"మొన్నే తెలిసింది మాస్టారూ."

"తెలిసీ కీబోర్డే పెట్టించమన్నావు."

మబ్బు తల వంచుకున్నాడు. మాస్టారు కుర్చీలోంచి లేచి, "ఆ కీబోర్డు పిల్లాడికి టీ ఇచ్చి పంపించండి," అన్నారు.

వార్షికోత్సవంలో గిటారే మోగింది. అంతకుముందే ఫ్యూజు ఒక్కో తీగా విప్పి, కొత్తగా వేసిన పాట్ తీసి, గిటారును మొదటి రోజు ఎలా ఉండేదో అలా చేసిపెట్టింది. మిక్సర్ మీద టేపు పీకేసింది. ఇంత చేసి చివరికి సాధించిందేమిటయ్యా అంటే, ఏమీ మార్చకపోవడం. పెద్ద పెద్ద సంస్కరణలు కూడా చాలావరకు ఇలాగే ముగుస్తాయి.

మాస్టారు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళారని, చెవి మిషన్ వద్దని పోట్లాడారని బాబాయ్ చెప్పాడు. ఆ తర్వాత సంగతి ఎవరూ ఆయన్ను అడగలేదు. అడిగే అలవాటు ఆ బ్యాండుకు ఇంకా రాలేదు.

మళ్ళీ ఓ వాన పొద్దు. బల్ల మీద ఎవరిదో రేడియో విప్పి ఉంది. ఫ్యూజు, మబ్బు దానిమీదకు వంగి చెవులు కొరుక్కుంటున్నారు. మూడడుగుల దూరంలో మాస్టారు అటు తిరిగి కూర్చుని తీగలు చుట్టుకుంటున్నారు. ఈమధ్య జుట్టు కాస్త పెంచారు, చెవుల మీదికి పడుతోంది.

"ఇవాళైనా నాన్నకు చెప్తావా, లేదా?" అని ఆమె గుసగుస.

"నువ్వు చెప్పు. నీ నాన్న కదా."

"పెళ్ళి ఇద్దరిదీ కదా."

"నాకా మీసం చూస్తే మాట పెగలదు. అచ్చం బ్రష్షే."

"మెల్లగా!"

"వినపడదులే."

"బ్రష్షు కాదురా," అన్నారు మాస్టారు, తల తిప్పకుండా. "ఇంకేదైనా మంచి పోలిక వెతుకు. మామగారి మీసం అది."

మబ్బు చేతిలోని స్క్రూడ్రైవర్ జారి రేడియోలో పడింది. ఫ్యూజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు వెనక్కి తిరిగి, చెవి మీది జుట్టు పక్కకు తీశారు. గోధుమ గింజంత మిషన్ అక్కడ కూర్చుని ఉంది. "నీలం చొక్కా సంగతి మొన్న మళ్ళీ మీరనుకుంటుంటే విన్నాను. పెద్దలను అందానికి ఉంచే మీట అన్నది అమ్మాయి వాళ్ళమ్మతో చెప్పుకుని నవ్వుతుంటే నిన్న విన్నాను. ఈ ఇంట్లో ఇన్ని మాటలు తిరుగుతున్నాయని నాకేం తెలుసు! ఇన్నాళ్ళూ పోట్లాటలు గట్టిగా వినిపించారు, ముద్దు మాటలు గుసగుసగా చెప్పుకున్నారు. మీ ఇద్దరికీ పడదనుకుని చచ్చాను నేను. ఇంక గుసగుసలు చాలు. ఒరేయ్, అసలు సంగతేదో నిలబడి గట్టిగా చెప్పు."

మబ్బు నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ లోపల నొక్కిపెట్టిందంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"మాస్టారూ! మీ అమ్మాయిని నేను పెళ్ళి చేసుకుంటానండీ!"

రేడియోలోని స్క్రూడ్రైవర్ అదిరింది. వంటింట్లోంచి తల్లి ఏమైందంటూ పరిగెత్తుకొచ్చింది. మాస్టారు రెండు చేతులతోనూ చెవులు గట్టిగా మూసుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మీసం కింద నవ్వు దాగడం లేదు.

"అంత మెరుపు వద్దురా మబ్బూ," అన్నారు. "నాకిప్పుడు వినపడుతోంది."